యాడుండావని అడగని వకీలు

వకీలు సారు పోయారన్న సంగతి నాకు బస్టాండులో పూలమ్ముకునే ఒకామె ఫోన్లో తెలిసింది. నెలకోసారి అలా ఎవరి ఫోనో అడిగి తీసుకొని ఆయనకు చేయడం నాకు అలవాటు. ఒక్కోసారి ఒక్కో ఊరు, ఒక్కో మనిషి. తెలియని నంబరైతే చాలు, ఆయన మొదటి రింగుకే ఎత్తేవారు. ఆ రోజు ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఈసారి ఎత్తింది ఆయన గుమాస్తా.

“సారు లేడు పాపా.”

“కోర్టుకు పోయినాడా అన్నా?”

“లేడు పాపా... పొద్దున కోటు తొడుక్కుంటా తొడుక్కుంటా కూలబడినాడు. గుండె. ఆసుపత్రిదాకా కూడా పోలేదు.”

పూలమ్మే ఆమె నా ముఖం చూసి, మాట్లాడుకోమని చేత్తో సైగ చేసింది. గుమాస్తా కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకొని, మళ్లీ గుమాస్తా అయ్యాడు. “రేపు సారోళ్ల ఊర్లో మట్టి చేస్తారు. నువ్వు మాత్రం రావద్దు. కబురు తెలియంగానే మీ అన్న బండెక్కినాడంట. ఆడికే పోతాండాడు.”

మా అన్న సారు అభిమాని కాదు. ఆయన మోకాలి చిప్పలు పగలగొట్టినవాడు. అంతకుముందు నా భర్త కుడిచెయ్యి నరికినవాడు. వకీలు చావుకు చెల్లెలు రాకుండా ఉంటుందా అని బయలుదేరాడు.

ఈ నాలుగు మాటల కింద నా పేరు ఉండదు. నేనున్న ఊరు, జిల్లా, ఆ మాటకొస్తే రాష్ట్రం కూడా చెప్పను. సారు పేరు కూడా రాయడం లేదు. పేరు లేని మనిషి గురించి పేరు లేని మనిషి రాసింది మేమెందుకు చదవాలని మీరు విసుక్కోవచ్చు. విసుక్కోండి. ఆయన మనుషుల పేర్లూ ఊళ్లూ దాచడానికి పోట్లాడి పోట్లాడి పోయారు. పోయిన మరునాడే నేను మైకు పట్టుకొని అన్నీ చెప్పేయడం బాగుండదు.

మా అనంతపురం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాకు వానలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. బస్సులో పక్క సీటు మనిషి “ఏ ఊరప్పా?” అని మొదలుపెడితే, దిగేలోపు మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి, కూతురికి సంబంధాలు చూస్తున్నారా లేదా, అన్నీ ఆయనకు తెలిసిపోతాయి. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. నీళ్లడిగినవాడికి లేవనకూడదు, దోవ అడిగినవాడికి తెలియదనకూడదు. దోవ చెప్పి ఊరుకోవడం కూడా కాదు, వెంట వెళ్లి గడపదాకా దిగబెట్టాలి. దాచుకునే మనిషిని పొగరుబోతు అంటాం. మా మంచితనమంతా ఇందులోనే ఉంది. నా కొంప కూల్చింది కూడా ఇదే.

నాది చిలమత్తూరు వైపు ఒక పల్లె. అది చెబితే నష్టం లేదు, నన్ను వెతికేవాళ్లూ అక్కడివాళ్లే. నేను ఇష్టపడిన మనిషి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటివాడు. కులాలు వేరు. సర్కారు ముద్ర పడితే ఇక మమ్మల్ని ఎవరూ ముట్టుకోరని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లికి అర్జీ పెట్టుకున్నాం. మేం పెట్టుకున్న చట్టం కింద నెల రోజులు నోటీసు అంటించాలట, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికి. వరండాలో బోర్డు మీద మా ఫోటోలు, పేర్లు, తండ్రుల పేర్లు, అతని ఇంటి నంబరుతో సహా అంటించారు. పొలం కాగితాల కోసం వచ్చిన ఎవడో దాన్ని ఫోన్లో ఫోటో తీసి మా కులపోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. “ఈ పిల్ల ఎవురిదో చూడండప్పా” అని కింద రాశాడు. పాపం, ఉపకారమే చేస్తున్నాననుకున్నాడు.

అన్న, వాడి వెంట ఇంకో ఇద్దరు, ధర్మవరంలో అతని వీధి మొదట్లో బండ్లు నిలిపి ఒక అవ్వను నీళ్లడిగారు. మంచి ఎండవేళ. అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. ఫలానా వాళ్ల ఇల్లు ఎక్కడని అడిగారు. “ఎండలో యాడ ఎతుకుతారప్పా, దాండి చూపిస్తా” అని వాళ్ల ముందు నడిచి, అతని ఇంటి ముందు నిలబడి, “ఒరేయ్, మీ ఇంటికి చుట్టాలొచ్చినారు” అని కేక కూడా వేసి పోయింది.

గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి చప్పున లేవలేడు. మొదటి వేటు పడుగు మీదుగా వచ్చింది. పట్టుదారాలు కొడవలిని కొంచెం పట్టుకున్నాయి, మెడకు వేసింది భుజంలో దిగింది. రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర తెగి ఆ చెయ్యి గుంటలో పడింది. నేను అదే వీధిలో వాళ్ల బంధువుల ఇంట్లో ఉన్నాను. అరుపులు విని పరిగెత్తి వచ్చేసరికి అన్న కొడవలి పట్టుకొని గడపలోనే ఎదురయ్యాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని లేపాక్షి తిప్పినవాడు, నన్ను చూడగానే కొడవలి ఎత్తాడు. అంతలో వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. జనం ఏది దొరికితే అది పట్టుకొని బయటికి వచ్చారు. ముగ్గురూ బండ్లెక్కి పారిపోయారు. నేను గుంటలో దిగి, తెగిన చెయ్యి తీసి చున్నీలో చుట్టుకున్నాను. అది ఇంకా వెచ్చగానే ఉంది. ఆసుపత్రిలో అతికించలేమన్నారు.

సారును మొదట చూసింది ఆ ఆసుపత్రి వార్డులో. అప్పటికి ఆయన భూమి తగాదాల వకీలు. పక్క మంచం మీది ముసలాయనతో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి వచ్చారు. ఆ కాసేపట్లోనే ఎవరో ఇద్దరు కుర్రాళ్లు వార్డులోకి తొంగిచూసి, “మగ్గం కేసు ఏ మంచమక్కా?” అని అడగడం, ఆయా “అదిగో, కిటికీ పక్కన” అని వేలు చూపించడం, వాళ్లు చూసి పోవడం ఆయన గమనించారు.

“వాళ్లు నీకు ఏమవుతారమ్మా?”

“తెలీదు సార్.”

ఆయన లేచి, మంచానికి తగిలించిన పేరు అట్టను పీకి కోటు జేబులో పెట్టుకున్నారు. ఆయాను పిలిచి, “ఈ మనిషి ఈడ లేడు. ఎవురడిగినా అదే చెప్పు” అన్నారు. ఆయాకు కోపమొచ్చింది. మనిషి ఎదురుగా పడుకోనుంటే లేడని ఎట్ల చెప్పేది, నోరు తిరగొద్దా అంది. సారు ఆమెతో గొడవపడి, డాక్టరుతో గొడవపడి, పొద్దు వాలేలోపు మమ్మల్ని ఇంకో అంతస్తులోకి మార్పించారు. ఆ సాయంత్రమే కొందరు కిటికీ పక్క మంచం దాకా వచ్చారు. మేం ఉన్న చోట అప్పటికి వేరే ముసలాయన పడుకొని ఉన్నాడు. దుప్పటి లాగి చూసి పోయారట.

తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. “నరికింది మీ అన్న. అది సరే. దోవ చూపించింది ఎవురు?”

అవ్వ సంగతి చెప్పాను. ఆ వీధివాళ్లు అప్పటికే ఆమె ఇంటి మీద మన్ను పోసి వచ్చారు. అవ్వ తలుపేసుకొని అన్నం మానేసింది. సారు పోయి ఆ తలుపు ముందు కూర్చున్నారట. “తలుపు తియ్యవ్వా. మా అమ్మ కూడా ఇదే పని చేసింది” అన్నారట. అవ్వ తలుపు తీసింది.

వాళ్లమ్మ చేసిన పని ఏమిటో నాకు ఆమె నోటనే తెలిసింది. నా భర్త ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు సారు మమ్మల్ని వజ్రకరూరు దగ్గర వాళ్ల ఊళ్లో, వాళ్లమ్మ దగ్గర దాచారు. మా పెళ్లి కూడా ఆమె ఇంటి వసారాలోనే అయింది. తొలకరి వాన పడితే చాలు ఆ చుట్టుపక్కల చేలల్లో జనం నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. ఎవరికైనా మెరిసే రాయి దొరికితే పక్కవాడికి కూడా చెప్పకుండా బొడ్లో దోపుకొని, దగ్గుకుంటూ ఇంటికి పోతారు. సారు నవ్వేవారు. “మా ఊరోళ్లు రాయి దొరికితే దాస్తారు. మనిషి దొరికితే చెప్తారు.”

ముసలామె ఆ నవ్వులో కలిసేది కాదు. ఒక మధ్యాహ్నం నాకు తల దువ్వుతూ చెప్పింది. “ఆ పొద్దు నలుగురొచ్చినారు పాపా. దప్పిక అన్నారు. ఇచ్చినా. ‘రెడ్డి యాడుండాడమ్మా’ అన్నారు. ‘బోరు కాడుండాడప్పా, మోటరు చెడిపోయింది, ఒగడే తంటాలు పడతాండాడు’ అన్న్యా. ఒగడే ఉండాడని కూడా నేనే చెప్పినా. చెంబు చేతికిచ్చి దండం పెట్టి పోయినారు. పొయ్యి మీద ఎసరు కాగకముందే బాంబులు ఇనపడినాయి. మొగున్ని గోతాంలో తెచ్చినారు.” దువ్వెన ఆగలేదు. ఆ తర్వాత ఆమె నీళ్లివ్వడం మానలేదు కానీ, ఏమడిగినా ఒకటే జవాబు: “తెలీదప్పా.” ఊళ్లో బడి ఎక్కడుందని అడిగినా తెలీదప్పా. జనం పిచ్చిదన్నారు, పొగరన్నారు. ఆమె కొడుకు ఆ రెండు మాటల మధ్య పెరిగి వకీలయ్యాడు.

మేం ఆ ఊరు వదిలే రోజు సారు ఒక షరతు పెట్టారు. “యాడికన్నా పోండి. నాకు చెప్పొద్దు.”

“మీకు కూడానా సార్?”

“నాకే ముందు చెప్పొద్దు. నేను దెబ్బకాగే మనిషిని కాదు పాపా. చిన్నప్పుడు బళ్లో అయివారు బెత్తం ఎత్తితేనే పక్కనోని పేరు చెప్పేసేవాన్ని.”

అప్పటి నుంచి మొదలయ్యాయి ఈ అరువు ఫోన్లు. మా వైపు ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట “యాడుండావ్?” అనే. హలో కంటే ముందు వస్తుంది. సారు ఒక్కసారి కూడా అనలేదు. “బాగుండావా, అన్నం తింటాండావా, వాని భుజం నొప్పి ఎట్లుండాది?” అంతే. ఒకసారి సంతోషం పట్టలేక, “ఈడ మూడు దినాల నుంచి వాన సార్, నిలబడకుండా...” అన్నాను.

“ఆపు” అని అరిచారు. “వాన సంగతి చెప్పొద్దు నాకు. రేపు పేపర్లో చూసి యాడ పడిందో పోల్చుకుంటా. నా బుద్ధి మంచిది కాదు.”

కరువు సీమలో పుట్టి వాన కబురు వద్దన్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. తర్వాత గుమాస్తా చెప్పాడు, ఆ ఫోన్ తర్వాత నాలుగు రోజులు సారు పేపరు ముట్టుకోలేదట.

విచారణ రోజు నేను బోనెక్కగానే బెంచి క్లర్కు అందర్నీ అడిగినట్టే అడిగాడు: పేరు, తండ్రి పేరు, కాపురం ఎక్కడ? అన్న ముద్దాయిల వరుసలో నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు. సర్కారు వకీలుకు సాయంగా కూర్చున్న సారు లేచారు. “అయ్యా, ఈ అమ్మాయి కాపురం ఎక్కడో ఈ హాల్లో ఉన్న ఎవరికీ అక్కర్లేదు, ఆ వరుసలో ఉన్నవాళ్లకు తప్ప” అన్నారు. అవతలి వకీలు ఇది మరీ వింతగా ఉందన్నాడు. చాలాసేపు వాదులాట జరిగింది. చివరికి నన్ను కాగితం మీద రాసి జడ్జిగారికే ఇవ్వమన్నారు. నేను రాస్తుంటే సారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయనను చూసి గుమాస్తా కూడా తిరిగాడు. వెనక ఎవరో నవ్వారు. నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి, తప్పు చేసిన బడిపిల్లాడిలా గోడకు ముఖం పెట్టి నిలబడటం చూసి, అంత భయంలో నాకూ నవ్వొచ్చింది.

అన్నకూ ఆ ఇద్దరికీ శిక్ష పడింది. అప్పీలు వేసుకొని కొన్నాళ్లకే బెయిలు మీద బయటికి వచ్చారు. వచ్చిన తర్వాత వాళ్లు వెతికింది నన్ను కాదు, సారును.

కోర్టు వీధిలో, టీ బంకు ముందు, పట్టపగలు. చేతుల్లో బోరు పైపు ముక్కలు. గుమాస్తా పక్కనే ఉన్నాడు. అతన్ని గోడకు నొక్కి పట్టుకున్నారు. తర్వాత నాకు అతనే చెప్పాడు: “ఒగటే మాట పాపా, ‘యాడుండారు, చెప్పు’. సారు చేతులు జోడించినాడు. ఏడ్చినాడు. ‘తెలిసింటే చెప్పేవాన్ని రా నాయనా, ఇడ్సండి’ అని అరిచినాడు. ఒగ చిప్ప పగిలింది. ఆ శబ్దం ఇప్పుడూ చెవుల్లో ఉండాది. మల్లా అడిగినారు. మల్లా అదే అన్నాడు. రెండోది పగలగొట్టినారు.” టీ గ్లాసులు పట్టుకున్న జనం చుట్టూ నిలబడే ఉన్నారట. దోవ అడిగితే గడపదాకా దిగబెట్టే జనం, పోలీసులు అడిగితే ఒక్కరూ ఏమీ చూడలేదు. కేసు నిలబడలేదు.

నిజం చెప్పాలంటే ఆ “తెలిసింటే చెప్పేవాన్ని” అన్న మాట విని నాకు ఒళ్లు మండింది. నా కోసం దెబ్బలు తిన్నవాడి మీద కోపం రావడం పాపమే, కానీ వచ్చింది. తల తెగినా చెప్పననాలి కదా అనుకున్నాను. తర్వాతి ఫోన్లో అడిగేశాను.

“నిజంగా చెప్పేవారా సార్?”

“చెప్పేవాన్ని పాపా. రెండో చిప్పదాకా కూడా ఆగేవాన్ని కాదు.”

“మరి మా ప్రాణాలు మీ చేతుల్లో పెడితిమే?”

“యాడ పెడితిరి? నేను పెట్టించుకోలేదు గదా.” ఆసుపత్రి మంచం మీది నుంచే మాట్లాడుతున్నారు, గొంతు సన్నగా వస్తోంది. “మంచోన్ని నమ్మి గుట్టు చెప్పకూడదు పాపా. మంచోనికీ మోకాళ్లుంటాయి.”

ఆ తర్వాత ఆయన చేసిన పనంతా ఆ మాటలోనుంచే వచ్చిందని నాకనిపిస్తుంది. చేతికర్ర పట్టుకొని మళ్లీ కోర్టుకు రావడం మొదలుపెట్టాక భూమి తగాదాలు వదిలేసి, మనుషుల వివరాలు బయటపెట్టేవాళ్ల మీదే కేసులు పట్టారు. జనం ‘గుట్టు వకీలు’ అని పేరు పెట్టారు. మొదట ఎగతాళికే పెట్టారు. బార్ రూములో తోటి వకీళ్లు, “ఏమప్పా, మన కరువు జిల్లాలో దాచుకోను ఏముండాదని నీ కేసులు?” అనేవారట. “దుడ్లున్నోనికి బీరువా ఉండాది, కుక్క ఉండాది. ఏమీ లేనోనికి ఉండేది వాని పేరూ ఊరే” అనేవారు ఈయన.

ఒక పల్లెలో ఆరోగ్య శిబిరానికి వచ్చినవాళ్ల రోగాల వివరాలు పంచాయతీ గోడకు అంటించారు, మందులు తీసుకుపోవడానికి వీలుగా ఉంటుందని. అందులో ఒక గొర్రెల కాపరి జబ్బు అందరికీ తెలిసి, ముందు అతని గొర్రెలను మడుగు దగ్గరికి రానివ్వలేదు, తర్వాత అతని కొట్టానికి నిప్పు పెట్టారు. పిల్లలు బయటపడ్డారు. గొర్రెలు లోపలే కాలిపోయాయి. నిప్పు పెట్టినవాళ్ల మీద కేసు పోలీసులు చూసుకున్నారు. గోడకు అంటించినవాళ్ల మీద కేసు సారు వేశారు. ఇంకో ఊళ్లో ఫోన్ రీచార్జి అంగడివాడు ఆడపిల్లల నంబర్లు కుర్రాళ్లకు ఇచ్చేవాడు. ఒక పిల్ల ఫోన్ ఎత్తలేదని ఒకడు కాలేజీ దారిలో గొంతు మీద బ్లేడు గీశాడు. ఆ పిల్ల బతికింది. బ్లేడు గీసినవాడి కంటే ముందు అంగడివాడి పేరు రాయించడానికి సారు స్టేషనులో రోజంతా కూర్చున్నారు. “కత్తి ఆఖర్న వస్తుంది సార్. ముందొచ్చేది మాట” అని ఎస్సైకి చెప్పారట. ఎస్సై కోపగించుకున్నాడు, తర్వాత రాసుకున్నాడు.

రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద ఆయన పోట్లాట హైకోర్టుదాకా పోయింది. చట్టాన్ని పూర్తిగా కదిలించలేకపోయారు. మేం అర్జీ పెట్టుకున్న ఆఫీసులో మాత్రం బోర్డు వరండాలోంచి లోపలికి పోయింది, దానికి అద్దమూ తాళమూ వచ్చాయి, ఇంటి నంబర్ల మీద కాగితం అతికిస్తున్నారు. ఆయన గెలిచింది ఆ కాగితం ముక్కంత. నాకు చెబుతూ చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

మనుషుల వివరాల మీద ఢిల్లీలో కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ పుస్తకం బస్సుల్లో పట్టుకు తిరిగారు. పక్క సీటువాడు ఏ ఊరని అడిగితే పుస్తకం తెరిచేవారట. “నీ పేరు, నీ ఊరు, నీ వేలిముద్ర నీ సొత్తప్పా. అడిగినోడు ఎందుకో చెప్పాల. పనైపోతే చెరిపేయాల. అక్కర్లేనిది అడగనే కూడదు.” విన్నవాడు తలూపి, “బాగుండాది. ఇంతకూ తమరిది ఏ ఊరు?” అనేవాడట. ఫోన్లో ఇది చెప్పి ఆయన నవ్విన నవ్వు ఇంకా వినబడుతుంది.

ఇక్కడి నుంచి రాసేది వాళ్లమ్మను అడిగే రాస్తున్నాను. ఇది చదివి మా అన్న మీ గడప తొక్కితే ఎలా అవ్వా అన్నాను. “రానీలే. నాకింక ఈడ పోగొట్టుకోను ఎవురుండారు?” అంది. సారు భార్య ముందే పోయింది, పిల్లలు లేరు.

గుమాస్తా వద్దన్నాడు, నేను పోనన్నాను. ఆ రాత్రి నా భర్త మా బిడ్డకు అన్నం కలుపుతూ కలుపుతూ ఎడమచెయ్యి ఆపి, “పో” అన్నాడు.

“సారు ఉంటే తిడతాడు.”

“సారు లేడు గదా. ఆయన్ని చూడకపోతే నువ్వు మనిషివి కావు. పో.”

ఎన్ని బస్సులు మారానో చెప్పను. ఊళ్లో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. తలమీద కొంగు లాక్కొని, సారు కేసులు వాదించిన వాళ్లతో కలిసి నడిచాను. ఇంటి సందులో తిరిగాక షామియానా గుంజకు ఆనుకొని నిలబడ్డ మనిషిని చూశాను. తెల్లచొక్కా, చేతిలో పూలదండ. జుట్టు నెరిసింది. చావుకు వచ్చినవాణ్ని ఎవరు పొమ్మంటారు? అన్న దండ పట్టుకొని నిలబడి, వచ్చే ప్రతి ఆడమనిషి ముఖం చూస్తున్నాడు. వెనక్కి తిరుగుదామంటే సందు నిండా జనం. వెనుదిరిగిన ఆడదాన్ని వాడు ముందు చూస్తాడు. సారు చూపించని చోటు నా కాళ్లతో నేనే నడిచి వచ్చి చూపించానే అనుకున్నాను. ఇంటి దగ్గర నా బిడ్డ ఉంది. దాని ముఖమే కళ్లముందు మెదిలింది.

శవం పక్కన కూర్చున్న ముసలామె తలెత్తింది. నన్ను చూసింది. నా వెనక ఎవరున్నారో కూడా చూసిందేమో. ఒక్కసారిగా రెండు చేతులూ చాపి రాగం ఎత్తుకుంది.

“వచ్చితివా నా తమ్ముని కూతురా... ఇప్పుడా తల్లీ వచ్చేది... మీ బావ పోయినాడే, మీ అత్తను ఒంటరిదాన్ని చేసి పోయినాడే...”

చావు ఇంట్లో ఆడవాళ్లు కావలించుకొని ఏడవడం మా ఆనవాయితీ. వచ్చినామె ఇంటామె భుజం మీద తల పెడుతుంది, ఇద్దరూ ముఖాలు దాచుకొని ఏడుస్తారు. నేను ఆమె మీద పడ్డాను. ఆమె నా తలను తన మెడ కిందికి నొక్కి, చీరకొంగు నా మీద కప్పి, చేతులు బిగించింది. కట్టెపుల్లల్లాంటి ఆ చేతుల్లో అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. ఏడుపులో మాటలు కలుపుతూ పోయింది. నాకు లేని ఊరు ఒకటి చెప్పింది, లేని నాయన పేరు చెప్పింది, లేని పిల్లల పేర్లు పెట్టి పిలిచింది. ఏమడిగినా తెలీదప్పా తప్ప మాట్లాడని మనిషి.

అడుగులు దగ్గరికి వచ్చాయి. కొంగు అంచు కింద నాకు పాదాలు కనిపించాయి. ఎడమకాలి బొటనవేలు వంకర. చిన్నప్పుడు నా కోసం చింతచెట్టెక్కి పడిన కాలు.

“ఎవురమ్మా ఆమె?” అది మా అన్న గొంతు.

ముసలామెకు తమ్ముళ్లు లేరని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె ముక్కు తుడుచుకొని, “ఇనపడలేదా ఏమప్పా? తమ్ముని కూతురు” అంది.

పాదాలు కాసేపు అక్కడే ఉన్నాయి. దండ వేశాడు కాబోలు, పూలవాసన వచ్చింది. తర్వాత అవతలికి జరిగాయి, కానీ పోలేదు. పాడె దగ్గర నిలబడ్డాయి.

డప్పులు మొదలయ్యాయి. మగవాళ్లు పాడె ఎత్తడానికి వంగారు. “అవ్వా, కొడుకును చూసుకో, ఇంక కనపడడు” అని ఎవరో అన్నారు. ఇంకొకరు ఆమె భుజం పట్టి లేపబోయారు. ఆమె లేవాలంటే చేతులు సడలించాలి. తల తిప్పాలంటే కొంగు జారాలి. ఆయన్ను కడసారి చూడటానికే నేను అన్ని బస్సులు మారి వచ్చాను. నేను కూడా చూడలేదు. నా ముఖం ఆమె మెడ కింద ఉంది, ఆమె ముఖం నా తల మీద ఉంది.

పాడె లేచింది. గుమాస్తా గట్టిగా ఏడుస్తూ వెంట పోవడం వినిపించింది. డప్పులు సందు దాటాయి, ఊరు దాటాయి, చేల వైపు పోయాయి. ఆమె నోట రాగం ఆగిపోయింది. ఉన్న ఒక్క కొడుకు గడప దాటుతుంటే ఆ తల్లి తల తిప్పలేదు. డప్పుల చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయిన తర్వాత కూడా చాలాసేపు, ఆ రెండు చేతులూ నా తల మీద అలాగే ఉన్నాయి.